మూడేళ్ళ బాబుకి ఇంట్లోనే నెబ్యులైజర్ పెట్టమన్నారు, మాస్క్ చూస్తేనే గుక్కపట్టి ఏడుస్తున్నాడు

గుణుపురం అమ్మ
డిసెంబర్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బాబుకి మూడేళ్ళ రెండు నెలలు, బరువు 13 కిలోలు. జలుబు చేస్తే చాలు, రెండో రోజుకల్లా పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం. ఏడాదిలో ఇది మూడోసారి. ఈసారి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. నిన్న ఇంటికి పంపుతూ, మందుని తుంపరగా చేసి మాస్క్‌తో పీల్పించే ఈ నెబ్యులైజర్ మెషీన్ కొనుక్కోమన్నారు. లెవోలిన్ అనే మందు 0.63 మిల్లీగ్రాములు ఆరు గంటలకోసారి మూడు రోజులు, బుడెకార్ట్ అనే మందు 0.5 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి రెండు నెలలు అని రాసిచ్చారు. నర్సమ్మ ఒక్కసారి పెట్టి చూపించింది. అప్పుడు వార్డులో అటు ఇటు పిల్లలంతా ఏడుపు, నాకేమీ బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చాక మెషీన్ ఆన్ చేస్తే ఆ చప్పుడుకే చెవులు మూసుకుంటున్నాడు. మాస్క్ దగ్గరికి తెస్తే గుక్కపట్టేస్తున్నాడు. మా ఆయన కాళ్ళు పట్టుకుంటే నేను తల అదిమి పెట్టాను. పెట్టినంతసేపూ ఏడుపే. అయ్యాక వంటింట్లోకి వెళ్ళి నేనూ ఏడ్చాను. ఈ రాత్రి మాస్క్‌ని ముఖానికి కాస్త దూరంగా పట్టుకుని పొగ తగిలేలా పెట్టాను, ఊరుకున్నాడు. ఇలా పెట్టినా పని చేస్తుందా? ఏడుస్తున్నప్పుడు గట్టిగా ఊపిరి తీస్తాడు కాబట్టి మందు బాగా పడుతుందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా?

మా అత్తగారు "ఈ గ్యాస్‌కి అలవాటు పడ్డాడంటే బతుకంతా వదలదు" అంటున్నారు. మా వీధిలో కరెంటు కూడా చెప్పాపెట్టకుండా పోతుంది. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి నాన్న
డిసెంబర్ 2, రాత్రి 10:15

అమ్మా, ముందు కాస్త ధైర్యంగా ఉండండి. మా అమ్మాయికి ఏడాదిన్నర నుంచి ఇదే కథ, ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మీరు పడుతున్నదంతా మేమూ పడ్డాం.

మాకు పనికొచ్చింది ఒకటే. మందు వేయాల్సిన సమయంలో కాకుండా, పిల్ల ఆడుకుంటున్నప్పుడు ఖాళీ మాస్క్ చేతికిచ్చాం. బొమ్మకి పెట్టింది, వాళ్ళ అమ్మకి పెట్టింది, పిల్లికి పెట్టబోయింది. రెండు రోజుల తర్వాత మెషీన్ స్విచ్ తననే వేయమన్నాం. చప్పుడు తను చేసిందైతే భయం ఉండదు. మెషీన్‌ని మంచం మీద కాకుండా నేల మీద మడతపెట్టిన దుప్పటి మీద పెట్టి, పైపు చివరంటా లాగి దూరంగా కూర్చోండి. సగం చప్పుడు తగ్గుతుంది. కానీ మెషీన్ పైన మాత్రం గుడ్డ కప్పకండి. గాలి లాక్కునే చోటు మూసుకుపోతుంది, వేడెక్కుతుంది.

ఇంకోటి. ఫోన్‌లో బొమ్మల వీడియో మాస్క్ ఉన్నంతసేపే. మాస్క్ తీస్తే వీడియో ఆగుతుంది. మిగతా రోజంతా ఆ వీడియో చూపించకూడదు.

మందు పని చేస్తుందా లేదా అన్నది నేను చెప్పకూడదు. బరంపురం సిస్టర్ గారు చూస్తే బాగుండు.

బరంపురం సిస్టర్
డిసెంబర్ 3, ఉదయం 6:05

నైట్ డ్యూటీ దిగి చూశాను. పిల్లల వార్డులో పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను. మోతాదు గురించి ఇక్కడ మాట్లాడను, అది మీ డాక్టరుగారిది. ఎలా పెట్టాలో మాత్రం చెబుతాను.

అమ్మా, దూరంగా పట్టుకుంటే మందు గాలికి పోతుంది. ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడం ఉన్నా లోపలికి వెళ్ళేది సగానికంటే బాగా పడిపోతుంది. మాస్క్ ముక్కునీ నోటినీ కలిపి మూయాలి, బుగ్గలకి ఆనుకోవాలి, కళ్ళ వైపు పొగ రాకూడదు. పెద్దవాళ్ళ మాస్క్ అంటగట్టారేమో చూసుకోండి. గడ్డం దాటి కిందికి వేలాడుతుంటే అది వాడి సైజు కాదు.

మీ ఆడపడుచుగారి మాట చాలామంది అంటారు, అది నిజం కాదు. ఏడ్చే పిల్లాడు పొడుగ్గా ఊపిరి వదులుతాడు, మధ్యలో ఒక్క క్షణం ఎగపీలుస్తాడు. ఆ కాస్త మందూ నోట్లో, గొంతులో తగిలి కడుపులోకి పోతుంది. ఊపిరితిత్తుల దాకా చేరేది చాలా తక్కువ. అందుకే అదిమిపట్టి పది నిమిషాలు పెట్టిన దానికంటే, ఒళ్ళో కుదురుగా ఉండగా అయిదు నిమిషాలు పెట్టిందే నయం.

ఎలా కూర్చోబెట్టాలంటే, వాడి వీపు మీ గుండెకి ఆనాలి, నిటారుగా ఉండాలి. మీ ఎడం చెయ్యి వాడి రెండు చేతుల మీదుగా కౌగిలించుకున్నట్టు ఉండాలి, కుడి చేత్తో మాస్క్. ఎదురుగా నిలబడి మీదకి వంగి పెడితే ఏ పిల్లాడైనా భయపడతాడు. గాజులుంటే తీసేయండి, వాడి చెంపకి తగులుతాయి. మామూలుగా నోటితో, ముక్కుతో ఊపిరి తీస్తే చాలు, ప్రత్యేకంగా దీర్ఘంగా పీల్చమని బలవంతం చేయక్కర్లేదు.

కప్పులో మందు అయిపోవడానికి అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. చివర్లో పొగ తెంపుతెంపుగా వస్తుంది, చప్పుడు "టప్ టప్" అని మారుతుంది. అప్పుడు వేలితో కప్పు పక్కన నాలుగు తట్లు తట్టండి. గోడలకి అంటుకున్న చుక్కలు కిందికి దిగుతాయి, మరో అర నిమిషం పొగ వస్తుంది. అడుగున కొంచెం మిగిలిపోవడం మామూలే.

రెండు మందులూ ఒకే పూట ఉంటే ముందు లెవోలిన్, తర్వాత బుడెకార్ట్. లెవోలిన్ బిగుసుకున్న గొట్టాల్ని తెరుస్తుంది, కొద్ది నిమిషాల్లోనే తేడా కనిపిస్తుంది. బుడెకార్ట్ లోపలి వాపుని తగ్గిస్తుంది, దానికి రోజులు పడతాయి. ఆయాసం వచ్చిన క్షణానికి బుడెకార్ట్ మందు కాదు. అలాగే పిల్లాడు బాగున్నాడు కదా అని మీ అంతట మీరు మానేసేదీ కాదు. అది తెల్లగా, కలకగా ఉంటుంది, పాడైందనుకోకండి. తెరిచే ముందు మెల్లగా కదపండి. పెట్టాక నోరు పుక్కిలించాలి. మూడేళ్ళవాడికి రాకపోతే నీళ్ళు తాగించి, మాస్క్ ఆనిన చోట ముఖం తడిగుడ్డతో తుడవండి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది.

లెవోలిన్ పెట్టాక కాసేపు చేతులు వణకడం, గుండె దడదడలాడటం, పిల్లాడు కుదురుగా ఉండకపోవడం ఉంటాయి. తగ్గిపోతాయి.

అత్తగారికి చెప్పాల్సింది పెద్దగా ఉంది. డ్యూటీ లేని రోజు రాస్తాను.

రాయగడ మెడికల్
డిసెంబర్ 3, మధ్యాహ్నం 1:20

మందుల షాపు వాడిగా ఒక మాట. డబ్బాలు చూసి మోసపోవద్దు. లెవోలిన్ రెస్ప్యూల్స్ (ఒక్కో డోసు మందు ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) 0.31, 0.63, 1.25 అని మూడు రకాలు, చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. డ్యుయోలిన్ వేరు, దాంట్లో ఇప్రాట్రోపియం అనే ఇంకో మందు కూడా కలిసి ఉంటుంది. "అదే కంపెనీ, అదే మందు" అని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. చీటీలో అంకె, గొట్టం మీద అంకె రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

దీనికంటే ప్రమాదం ఇంకోటి ఉంది. సాల్బుటమాల్ (లెవోలిన్ లాంటి మందే) రెస్పిరేటర్ సొల్యూషన్ అని 15 మిల్లీలీటర్ల సీసా దొరుకుతుంది. అందులో ఒక్కో మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు. రెస్ప్యూల్‌లో అయితే మొత్తం రెండున్నర మిల్లీలీటర్లకి 2.5 మిల్లీగ్రాములే. అంటే సీసా మందు అయిదు రెట్లు చిక్కన. దాన్ని చుక్కల లెక్కన సెలైన్‌లో కలిపి వాడతారు. ఒకాయన రెస్ప్యూల్స్ అయిపోయాయని పక్కింటి సీసా తెచ్చి కప్పు నింపబోయి, ఎందుకో అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు. చేశాడు కాబట్టి సరిపోయింది.

రెస్ప్యూల్స్‌ని రేకు కవర్లోనే ఉంచండి, ఎండ తగలకూడదు. సగం వాడి సగం రేపటికి దాచవద్దు. ఒకసారి తెరిచాక మిగిలింది పారబోయడమే.

కొత్త సభ్యుడు (టెక్కలి వైపు)
డిసెంబర్ 3, సాయంత్రం 7:48

మా ఇంట్లో అదే మెషీన్‌లో మామూలు నీళ్ళు పోసి రెండు చుక్కలు నీలగిరి తైలం వేస్తాం. జలుబుకి బాగా పనిచేస్తుంది. మందులెందుకు చిన్నపిల్లలకి?

బరంపురం సిస్టర్
డిసెంబర్ 3, రాత్రి 8:02

తమ్ముడూ, ఇవాళ్టి నుంచే ఆపేయి. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది. మామూలు నీళ్ళు కూడా వద్దు. ఉట్టి నీటి తుంపర్లకే ఆయాసం ఉన్న పిల్లల గొట్టాలు బిగుసుకుపోతాయి, పైగా కుళాయి నీళ్ళలో క్రిములు. కర్పూరం, విక్స్, వాము కషాయం, ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు, ఏవీ ఆ కప్పులో పోయకూడదు. కర్పూరం చిన్నపిల్లల కడుపులోకి వెళితే ఫిట్స్ వస్తాయి. డాక్టరు రాసిన మందు, అవసరమైతే షాపులో కొన్న స్టెరైల్ సెలైన్. అంతే.

మరుగుతున్న గిన్నె దగ్గర దుప్పటి కప్పి ఆవిరి పట్టడం పిల్లలకి చేయకండి. ఆ గిన్నె ఒలికి కాలిన పిల్లల్ని మా పక్క వార్డులో చూస్తుంటాను. నెబ్యులైజర్ వేడి ఆవిరి కాదు, చల్లటి మందు తుంపర. రెండింటికీ సంబంధం లేదు.

నిర్వాహకులు
డిసెంబర్ 3, రాత్రి 8:30

మోతాదులు అడగవద్దు, చెప్పవద్దు. అంతవరకు చర్చ కొనసాగించండి.

జయపురం నానమ్మ
డిసెంబర్ 4, ఉదయం 10:50

మనవరాలు టైప్ చేసి పెడుతోంది. గుణుపురం అమ్మాయీ, మీ అత్తగారికి ఇది చదివి వినిపించు.

మా రెండోవాడికి ఏడాది లోపే డొక్కలు ఎగిరాయి. పాల ఉబ్బసం అన్నారు. ఊళ్ళో ఒకావిడ వాతలు పెడుతుందంటే తీసుకెళ్ళాం. ఇక్కడ ఒడియావాళ్ళు చెంక అంటారు. ఇనుప చువ్వ కాల్చి పొట్ట మీద. వాడు అరిచిన అరుపు నలభై ఏళ్ళయినా చెవిలో ఉంది. ఆయాసం తగ్గలేదు సరికదా, పుళ్ళు చీము పట్టి జయపురం ఆసుపత్రిలో పడ్డాం. వాడి పొట్ట మీద ఇప్పటికీ రూపాయంత మచ్చలు నాలుగున్నాయి. ఇప్పుడు వాడి కూతురికి అదే ఆయాసం. ఈ మెషీన్ పెడుతుంటే మొదట నేనూ మీ అత్తగారిలాగే అన్నాను. పెట్టిన పది నిమిషాలకి పిల్ల లేచి అటుకులు అడిగింది. ఆ రోజు నుంచి నోరెత్తలేదు.

అలవాటు పడుతుందని భయం నాకూ ఉండేది. మా డాక్టరమ్మ ఒకటే అంది, "కళ్ళజోడు పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయా మామ్మా?"

ఇంకో సంగతి. నేను అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగేదాన్ని. మా అమ్మ తాగేది, నేనూ నేర్చుకున్నాను. పిల్ల కోసం వాకిట్లోకి పోయి కాల్చేదాన్ని. అయినా లోపలికొచ్చి ఎత్తుకోగానే దగ్గేది. పొగ చీరకి పడుతుందట, జుట్టుకి పడుతుందట. చుట్ట మానేసి రెండేళ్ళయింది.

గుణుపురం అమ్మ
డిసెంబర్ 4, రాత్రి 8:15

మామ్మగారూ, మీరు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. చాలాసేపు బాబు వీపు నిమురుతూ కూర్చున్నారు.

సిస్టర్ గారు చెప్పినట్టు ఒళ్ళో కూర్చోబెట్టాను. వాడికి ఒక ప్లాస్టిక్ లారీ ఉంది, ముందు దానికి మాస్క్ పెట్టించాను. "లారీకి ఆయాసం" అని వాడే పెట్టాడు. మధ్యాహ్నం పూట ఏడవకుండా ఆరు నిమిషాలు ఉంచుకున్నాడు. రెప్పల వెంట్రుకల మీద సన్నటి తుంపర్లు చేరాయి. మాస్క్ పైన కొంచెం ఎడం ఉందని అప్పుడు అర్థమైంది, సరిచేశాను.

ఇవాళ మార్గశిర లక్ష్మివారం. ఇంట్లో అమ్మవారి పూజ, సాంబ్రాణి ధూపం. ధూపం పెరట్లో వేయమంటే అత్తగారు ఒప్పుకున్నారు గానీ, అప్పటికే ఇల్లంతా నిండిపోయింది. పక్క కళ్ళంలో వరి నూర్పులు కూడా మొదలయ్యాయి.

మెషీన్ కడగడం ఎలా? నర్సమ్మ చెప్పలేదు.

పర్లాకిమిడి నాన్న
డిసెంబర్ 4, రాత్రి 9:30

కడగడం నాకు బాగా తెలిసిన పని కాబట్టి చెబుతాను. వాడిన ప్రతిసారీ కప్పు, మాస్క్ విప్పి గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, విదిలించి, శుభ్రమైన గుడ్డ మీద గాలికి ఆరనివ్వాలి. చీరకొంగుతో తుడవకండి, నూలుపోగులు సన్నటి రంధ్రంలో ఇరుక్కుంటాయి. రోజుకోసారి గిన్నెల సబ్బు నీళ్ళతో. రెండు మూడు రోజులకోసారి తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు కలిపి అరగంట నానబెట్టి మళ్ళీ కడుగుతాం. మీ కప్పు వేడి తట్టుకుంటుందని పెట్టె మీద రాసి ఉంటే మరిగించవచ్చు. మాది తట్టుకోలేదు, ఒంకర పోయింది.

గాలి పైపు మాత్రం కడగకూడదు. లోపల చెమ్మ కనిపిస్తే కప్పు తీసేసి మెషీన్‌ని ఒక నిమిషం ఉట్టిగా తిప్పితే ఆరిపోతుంది. మెషీన్ పక్కన చిన్న మూత తీస్తే గుండ్రటి ఫిల్టర్ ఉంటుంది. కొత్తప్పుడు మల్లెపువ్వులా ఉంటుంది. బూడిదరంగు వచ్చిందంటే మార్చాలి. మా ఇంట్లో పొయ్యి వెలిగించే రోజుల్లో రెండు నెలలకే నల్లబడింది. మా అమ్మాయి పీలుస్తున్నదేమిటో ఆ ఫిల్టర్ చూశాకే నాకు తెలిసింది.

గుణుపురం అమ్మ
డిసెంబర్ 5, రాత్రి 10:20

బాబుకి మళ్ళీ ముక్కు కారుతోంది. లెవోలిన్ నిన్నటితో ఆపమన్నారు. రాత్రి ఎక్కువైతే ఇంట్లో ఎన్నిసార్లు పెట్టవచ్చు? ఎప్పుడు బయల్దేరాలి?

బరంపురం సిస్టర్
డిసెంబర్ 5, రాత్రి 10:45

ఎన్నిసార్లు అన్నది మీ డిశ్చార్జి కాగితంలో ఉందేమో చూడండి. లేకపోతే రేపు పొద్దున్నే ఫోన్ చేసి రాయించుకోండి. సాధారణంగా ఆయాసం వస్తే మొదటి గంటలో ఇరవై నిమిషాల ఎడంతో మూడు సార్ల వరకు అని రాసిస్తారు. అది ఇంట్లో కూర్చుని మూడూ పూర్తిచేయమని కాదు. మొదటిదానికి తేరుకోకపోతే బయల్దేరడానికి సిద్ధం కావాలి. పెట్టాక తగ్గి, మూడు నాలుగు గంటలు కూడా ఆగకుండా మళ్ళీ వస్తే అదీ ఆసుపత్రికే.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. చొక్కా పైకెత్తండి, పొట్ట కనిపించాలి. పిల్లాడు ఏడవకుండా, పాలు తాగకుండా ఉండాలి. ఫోన్‌లో పూర్తి ఒక నిమిషం పెట్టుకుని పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి, పిల్లలకి తప్పుతుంది. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి నిమిషానికి 40 లేదా అంతకు మించితే వేగం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, రెండు నెలల లోపు 60.

లెక్కతో పనిలేకుండా లేచి పరుగెత్తాల్సినవి ఉన్నాయి. పక్కటెముకల మధ్య, గొంతు కింద గుంట పడటం. ముక్కుపుటాలు ఎగరడం. ఒక్కో మాటకీ ఆగిపోవడం. నీళ్ళు కూడా తాగలేకపోవడం. పెదవులు నీలంగానో బూడిదరంగుగానో మారడం. అన్నిటికంటే నాకు భయం వేసేది, అంతసేపూ ఆయాసపడిన పిల్లాడు ఒక్కసారి మగతగా, చప్పుడు లేకుండా అయిపోవడం. కూతలు ఆగాయని ఇంటివాళ్ళు సంతోషిస్తారు. లోపల గాలి ఆడకపోతే కూత కూడా రాదు.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంటే వాడండి, 92 కంటే తగ్గితే ఆగవద్దు. కానీ పెద్దవాళ్ళ క్లిప్పు చిన్న వేలికి సరిగ్గా పట్టదు, చల్లటి చేతులకి తప్పు చూపిస్తుంది. అంకె బాగుంది, పిల్లాడు బాగాలేడు అంటే పిల్లాణ్ణే నమ్మండి.

జ్వరం, జలుబు ఏమీ లేకుండా ఆడుతూ ఆడుతూ ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై కూతలు మొదలైతే నెబ్యులైజర్ తీయకండి. వేరుశనగ గింజో, శనగపప్పో ఊపిరి గొట్టంలో పడి ఉండొచ్చు. ఏడాదిలోపు పసిపిల్లలకి మొదటిసారి కూతలు వచ్చినప్పుడూ అంతే, ఇంట్లో పెట్టకండి. వాళ్ళకి చాలావరకు వచ్చేది బ్రాంకియోలైటిస్ (సన్నటి ఊపిరి గొట్టాల వాపు), దానికి ఈ మందు పెద్దగా పనిచేయదు.

మోటు మాస్టారు
డిసెంబర్ 6, ఉదయం 7:10

మాది మల్కన్‌గిరి జిల్లా చివర. సిస్టర్ గారు చెప్పిన గుర్తులకి నేను ఒకటి కలుపుతాను. ఆసుపత్రి ఎంత దూరమైతే అంత ముందు బయల్దేరాలి. మాకు మొదటి డోసుకి తేడా రాకపోతే రెండోది దారిలోనే. రాత్రి బండి ఎవరిది, డీజిల్ ఉందా అన్నది పగలే కనుక్కుని పెట్టుకుంటాం. 108 నంబరు మా ఇంట్లో గోడ మీద రాసి ఉంది, దాని కిందే పక్క వీధి జీపాయన నంబరు.

గుణుపురం అమ్మ
డిసెంబర్ 9, సాయంత్రం 5:30

మూడు రోజులు రాయలేకపోయాను. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. నిన్న రాత్రి ఇంటికొచ్చాం.

ఆరో తేదీ పొద్దున ఫోన్ చేసి ఆయాసం వస్తే ఏం చేయాలో రాయించుకున్నాం. ఆ రాత్రే అవసరపడింది. రెండు గంటలకి దగ్గుతో లేచాడు. చొక్కా ఎత్తి లెక్కపెట్టాను, 52. గొంతు కింద గుంట పడుతోంది. లెవోలిన్ పెట్టాను. ఇరవై నిమిషాలకి మళ్ళీ లెక్కపెడితే 50. "నీళ్ళు కావాలా" అంటే "నీ" అని ఆగి, "ళ్ళు" అన్నాడు. అది విని మా ఆయన 108కి ఫోన్ చేశారు. రెండోది పెడుతుండగానే బండి వచ్చింది. అక్కడికెళ్ళేసరికి ఆక్సిజన్ 90. ఆక్సిజన్ పెట్టి దాంతోపాటే మందు, తాగడానికి స్టెరాయిడ్ ఇచ్చారు. తెల్లవారేసరికి బిస్కెట్ అడిగాడు.

ఈ చర్చ చదవకపోయి ఉంటే ఇంట్లోనే మూడోది, నాలుగోది పెట్టుకుంటూ పొద్దుపొడిచేదాకా చూసేదాన్ని. మెషీన్ ఉంది కదా అన్న ధైర్యం అలా ఉండేది.

ఇప్పుడు డాక్టరుగారు లెవోలిన్, బుడెకార్ట్ రెండిటికీ మెషీన్ బదులు పంపు (ఇన్‌హేలర్), దానికి తగిలించే స్పేసర్ గొట్టం రాశారు. మళ్ళీ అత్తగారికి కంగారు, "పంపు అంటే ఇంకా పెద్ద జబ్బు" అని. బుడెకార్ట్ స్టెరాయిడ్ కదా, ఎదగడేమో అని నాకూ భయంగా ఉంది.

పర్లాకిమిడి నాన్న
డిసెంబర్ 9, సాయంత్రం 6:20

స్పేసర్ గురించి మాకు తెలిసింది తిత్లీ తుఫానప్పుడు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గజపతి జిల్లా అంతా అతలాకుతలం. మా అమ్మాయికి రెండేళ్ళు. మా వీధిలో వారం పైగా కరెంటు లేదు. రెండో రోజు పిల్లకి ఆయాసం. బీరువాలో మెషీన్, పెట్టె నిండా రెస్ప్యూల్స్, ఏం లాభం? రోడ్డుకి అడ్డంగా చెట్లు. భుజాన వేసుకుని నడిచాను. ఆసుపత్రిలో ఒక సిస్టరమ్మ ప్లాస్టిక్ గొట్టంలాంటిది తెచ్చి, ఒక కొసకి పంపు, ఇంకో కొసకి చిన్న మాస్క్ తగిలించి నొక్కింది. "ఇదీ అదే మందు" అంది. నేను నమ్మలేదు. పావుగంటలో పిల్ల నా భుజం మీద నిద్రపోయింది, డొక్కలు ఆడటం తగ్గింది.

ఇప్పుడు మా ఇంట్లో మెషీన్ అటక మీద ఉంది. స్పేసర్ సంచీలో ఉంటుంది. పెళ్ళికెళ్ళినా, విశాఖ రైలెక్కినా వెంటే.

బరంపురం సిస్టర్
డిసెంబర్ 9, రాత్రి 9:00

అమ్మా, వేగంగా బయల్దేరారు, సంతోషం.

పంపు పెద్ద జబ్బుకి కాదు. మందు అదే, లోపలికి పంపే దారి వేరు. మామూలు, మధ్యస్థ ఆయాసానికి స్పేసర్‌తో పంపు నెబ్యులైజర్‌కి ఏమాత్రం తీసిపోదని ఎన్నో పరిశోధనలు చూపించాయి. అయిదేళ్ళ లోపు పిల్లలకి అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందు చెప్పేది దాన్నే. గుండె దడ కూడా తక్కువ, నిమిషంలో అయిపోతుంది, కరెంటు అక్కర్లేదు. మన దగ్గర మెషీన్‌కి గౌరవం ఎక్కువ. చప్పుడు చేస్తుంది, పొగ కనిపిస్తుంది, వైద్యం జరిగినట్టు ఉంటుంది. డబ్బు లేనివాళ్ళు అప్పుచేసి మెషీన్ కొనుక్కుని రావడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. స్పేసర్ కొన్ని వందల్లో వస్తుంది.

పంపు బాగా ఊపి, స్పేసర్‌కి తగిలించి, మాస్క్ ముఖానికి ఆనించి ఒక్కసారి నొక్కాలి. అయిదారు ఊపిర్లు తీయనివ్వండి, లోపలి చిన్న రేకు కదలడం కనిపిస్తుంది. రెండోది కావాలంటే మళ్ళీ ఊపి మళ్ళీ నొక్కాలి. రెండూ ఒకేసారి కొట్టేస్తే మందు గోడలకే అంటుకుంటుంది. కొత్త స్పేసర్‌ని ముందు సబ్బు నీళ్ళలో ముంచి, తుడవకుండా ఆరబెట్టండి. పొడిగుడ్డతో రుద్దితే విద్యుత్తు పుట్టి మందుని గోడలే లాగేసుకుంటాయి. తర్వాత వారానికోసారి అలాగే.

ఎదుగుదల సంగతి దాచకుండా చెబుతాను. బుడెసొనైడ్ (బుడెకార్ట్‌లో ఉండే మందు ఇదే) నాలుగైదేళ్ళు రోజూ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక ఎంత ఎత్తు ఎదిగారో అమెరికాలో కొలిచారు. 2012లో ఫలితాలు వచ్చాయి. సగటున 1.2 సెంటీమీటర్ల తేడా. అంతే. ఆయాసంతో నెలకోసారి ఆసుపత్రిలో పడి, తాగే స్టెరాయిడ్లు మళ్ళీ మళ్ళీ వాడితే జరిగే నష్టం దీనికంటే చాలా ఎక్కువ. మీ అత్తగారికి ఇంకొకటి చెప్పండి. జలుబుతో కూతలు వచ్చే చిన్నపిల్లల్లో చాలామందికి ఆరేళ్ళు వచ్చేసరికి అదే తగ్గిపోతుంది. పంపు వాడటం వల్ల నిలిచిపోయే జబ్బు కాదిది.

జయపురం నానమ్మ
డిసెంబర్ 10, ఉదయం 9:15

పిల్లాడు అటుకులు తింటాడా అమ్మాయీ? మెత్తగా నానబెట్టి బెల్లం వేసి పెట్టు. ఆయాసం వచ్చి లేచిన పిల్లలకి గొంతు దిగుతుంది.

గుణుపురం అమ్మ
డిసెంబర్ 15, రాత్రి 8:40

నిన్న సందెవేళ కరెంటు పోయింది. బాబుకి కాస్త దగ్గు. పాత రోజులైతే నాకు చేతులు ఆడేవి కాదు. స్పేసర్ తీసి లాంతరు వెలుగులో లెవోలిన్ పంపు పెట్టాను. రేకు కదలడం వాడికి ఆట అయిపోయింది, "తలుపు కొడుతోంది" అని ఊపిరి తీస్తున్నాడు.

పావుగంట తర్వాత లెక్కపెడదామని చొక్కా ఎత్తబోతే అత్తగారు "ఉండు, నేను చూస్తా" అన్నారు. ఫోన్ నా చేతికిచ్చి నిమిషం చూడమన్నారు. వాడి పక్కన పడుకుని, పొట్ట మీద చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. మధ్యలో తప్పిపోతే మళ్ళీ మొదటి నుంచి. "ముప్పై నాలుగు" అన్నారు. మరో రెండుసార్లు లెక్కపెట్టాకే లేచారు. ఈ లక్ష్మివారం ధూపం కూడా తనే ముందుగా పెరట్లో వేశారు.

ఒక సందేహం. పంపులో మందు ఇంకా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్ళలో వేస్తే తేలుతుందట కదా?

బరంపురం సిస్టర్
డిసెంబర్ 15, రాత్రి 9:10

నీళ్ళలో వేయకండి, అది నమ్మదగిన పద్ధతి కాదు, పంపు నోరు కూడా మూసుకుపోతుంది. మందు అయిపోయాక కూడా గాలి కొన్నిసార్లు వస్తుంది, చప్పుడు విని మోసపోతారు. అంకెల మీటరు ఉన్నదైతే అదే చూపిస్తుంది. లేకపోతే డబ్బా మీద ఎన్ని నొక్కులో రాసి ఉంటుంది, చాలావాటికి 200. రోజుకి ఎన్నో భాగిస్తే ఏ రోజుకి అయిపోతుందో వస్తుంది. ఆ తేదీ పంపు మీదే స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోండి, దానికి వారం ముందే కొత్తది తెచ్చుకోండి. వచ్చేసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు స్పేసర్ కూడా పట్టుకెళ్ళి, మీరు ఎలా పెడుతున్నారో అక్కడే చేసి చూపించండి. అత్తగారిని కూడా తీసుకెళ్ళండి.